సువార్తమ్మను కదల్చరాదు

మా రేవుపాళెం ప్రెస్బిటేరియన్ సంఘం బురదలో పుట్టింది. ఇది నేను చిన్నచూపుతో అంటున్న మాట కాదు, మా సంఘ చరిత్ర ఆ మాటతోనే మొదలవుతుంది. స్కాట్లండు నుంచి వచ్చిన మెకాలిస్టర్ దొర కాలవలో పడవ మీద ఇంకెక్కడికో పోతూ ఉంటే మా ఊరి రేవు దగ్గర పడవ బురదలో దిగబడింది. పడవవాళ్లు గడలు వేసి తోశారు, భుజాలు పెట్టి నెట్టారు, నోటికి వచ్చినట్టు తిట్టారు. లాభం లేకపోయింది. దొర మోకరించి ప్రార్థన చేశాడు. అప్పటికీ లాభం లేకపోయింది. దేవుని చిత్తం ఏమిటో దొరకు అర్థమైంది. పెట్టె నెత్తిన పెట్టుకుని గట్టెక్కి, ఎదురుగా కనబడిన మొదటి మనిషికి సువార్త చెప్పాడు. ఆ మనిషికి చెవుడు. అయినా చివరిదాకా విన్నాడు. మా సంఘస్థుల ఓపికకు ఆయనే మూలపురుషుడు.

మా పద్ధతిలో బిషప్పు ఉండడు. పెద్దలు ఉంటారు. వాళ్లందరూ కూర్చుని మాట్లాడుకునే సభను సెషన్ అంటారు. సెషన్ తీర్మానించనిదే మా దగ్గర గంట కూడా మోగదు. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసిపోయి ఒకటైన రోజుల్లో మేం కూడా కలవాలా వద్దా అని సెషన్‌లో చర్చ మొదలైంది. ఆ చర్చ ఇంకా ముగియలేదు. అందువల్ల మేం ఇంకా ప్రెస్బిటేరియన్లమే.

నేను ఆ సెషన్‌కు కార్యదర్శిని. హైస్కూల్లో తెలుగు చెబుతాను కాబట్టి తీర్మానాలలో తప్పులు లేకుండా చూసే బాధ్యత నాకు అప్పగించారు. తప్పులంటే అక్షర దోషాలు మాత్రమే. తక్కినవాటి జోలికి పోవద్దని మొదటి రోజే చెప్పారు.

సంఘానికి నూటయాభై ఏళ్లు నిండబోతున్నాయని పండగ ఏర్పాట్లు మొదలుపెట్టిన ఏడాదే ఈ కథంతా జరిగింది. పండగకు ముందు ఒక ఉపన్యాసం పెట్టిద్దామని పట్నం నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించాం. వారసత్వ సంపద ఆయన విషయం. గోడకు దుప్పటి కట్టి దాని మీద బొమ్మలు చూపించాడు. ఎక్కడో ఒక పాత చర్చికి ఎవరో గులాబీ రంగు పెయింటు వేసి, నేలకు నున్నటి టైల్సు పరిచిన ఫొటో చూపించి, "చూశారా ఈ ఘోరం!" అంటూ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లు "టైల్సు ఎంత బాగుండాయో చూడు మే" అని గుసగుసలాడుకున్నారు గానీ, ముందు వరసలో ఉన్న ఆనందరత్నం గారు మాత్రం నిజంగానే ఏడ్చేశారు.

ఆనందరత్నం గారు సెషన్‌లో పెద్ద. ఏదో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి ఆ మధ్యనే రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా ఆర్డర్లు వేసే అలవాటు పోలేదు. ఇంట్లో ఆయన భార్య లీలావతమ్మ గారి ముందు ఆ అలవాటు చెల్లుబాటు కాదు. అందుకని మనిషి కొంచెం చిక్కిపోయి ఉన్నారు. ఆ ఉపన్యాసంతో ఆయన ముఖంలోకి మళ్లీ రక్తం వచ్చింది. ఆ వారమే ఆయన అధ్యక్షతన వారసత్వ పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. ఆయనే చెప్పి నా చేత రాయించిన తీర్మానం ఇది: "సంఘమునకు చెందినదై డెబ్బది అయిదు సంవత్సరములు దాటిన దేనినైనను ఉపసంఘము వారి అనుమతి లేనిదే కదల్చరాదు, మరమ్మతు చేయరాదు, రంగు వేయరాదు, పేరు మార్చరాదు."

అక్షర దోషాలు లేవు. భోజనాల వేళ కావచ్చింది, వెనక వసారాలోంచి కోడికూర వాసన వస్తోంది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

తీర్మానం మొదట తగిలింది ఒక మేకుకు. ఆడవాళ్లు కూర్చునే రెండో బల్లకు ఒక మేకు పైకి పొడుచుకుని ఉంటుంది. ఎన్ని తరాల చీరలు చించిందో దేవుడికే తెలియాలి. ఆ మేకు పీకేయడానికి సువార్తమ్మ వడ్రంగిని పిలుచుకొచ్చింది.

సువార్తమ్మ గురించి చెప్పాలి. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎనభై ఏళ్లుంటాయి. ఊళ్లో నడివయసు వాళ్లలో సగం మందిని ఈ లోకంలో మొట్టమొదట పట్టుకున్నవి ఆమె చేతులే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "యాడ తీరిందబ్బా, మీరు ఒకరెనక ఒకరు పుడతానే ఉంటిరి గదా" అనేది.

వడ్రంగి పటకారు బయటికి తీశాడో లేదో ఆనందరత్నం గారు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఆపు! సదరు మేకు చేత్తో కొట్టి చేసిన మేకు. దొరగారి కాలము నాటిది."

"ఇది దొర కాలందైతే నా చీర నిన్నటిది గదబ్బయ్యా" అంది సువార్తమ్మ.

"చీరలు వస్తుంటాయి, పోతుంటాయి. మేకు మళ్లీ రాదు" అన్నారు ఆయన. మర్నాటికల్లా ఆ మేకు పక్కన 'చారిత్రక మేకు' అని ఇత్తడి బిళ్ల వెలిసింది. ఆ బిళ్ల అంచు పదును. అప్పటి నుంచి చీరలు రెండు చోట్ల చినగడం మొదలైంది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. మా చర్చి కప్పు సరిగ్గా ప్రసంగ వేదిక మీదే కారుతుంది. పాస్టరు తీమోతి అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రాడు, భయస్తుడు. ఎవరినీ నొప్పించకూడదని సొంత డబ్బు పెట్టి మేస్త్రీని పిలిపించి కారడం ఆపించాడు. ఆదివారం వచ్చేసరికి ఆనందరత్నం గారు తల పైకెత్తి చూశారు, వేదిక వైపు చూశారు, అరచెయ్యి చాచి చూశారు. చుక్క పడలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇచట కారుచుండెడి కారుట ఏమైనది?"

అయ్యగారు భయపడుతూనే సంగతి చెప్పాడు. ఉపసంఘం అక్కడికక్కడే సమావేశమైంది. మెకాలిస్టర్ దొర తన ప్రసంగం మధ్యలో "సహోదరులారా, నా నెత్తి మీద చుక్క పడుచున్నది" అన్నట్టు సంఘ చరిత్రలో ఉంది. కాబట్టి ఆ కారుట దొరగారి కాలం నాటిదనీ, దాన్ని పూర్వస్థితికి తీసుకురావాలనీ తేల్చారు. మేస్త్రీని మళ్లీ పిలిపించారు.

"అయ్యా, కారకుండా చెయ్యమంటే చేస్తా గానీ, కారేటట్టు చేసేది నాకెవురూ నేర్పలా" అని వాడు మొత్తుకున్నాడు. అయినా నిచ్చెనెక్కి తోచినట్టు గునపం ఆడించాడు. పాత చోట కారింది, కొత్తగా ఇంకో మూడు చోట్ల కూడా కారింది. వాటిలో ఒకటి సరిగ్గా ఆనందరత్నం గారు కూర్చునే చోట. ఆ మూడూ ఆధునిక కారుటలని నిర్ణయించి అప్పటికప్పుడు పూడ్పించారు. అయ్యగారు ఆ వానాకాలమంతా ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో బైబిలు పట్టుకుని ప్రసంగం చేశాడు. దీవెన చెప్పడానికి చేతులు రెండూ ఎత్తినప్పుడు మాత్రం తడిసిపోయేవాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. నవ్వు ఆగింది ఏబేలు కంటి దగ్గర.

ఏబేలు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకూ ఎనభై దగ్గర పడుతున్నాయి. భార్య పోయి చాలా కాలమైంది. కంట్లో శుక్లం ముదిరి, ఎదురొచ్చే మనుషులకూ కరెంటు స్తంభాలకూ ఒకే రకంగా వందనాలు చెబుతూ తిరుగుతుండేవాడు. ఆపరేషన్‌కు డాక్టరు రమ్మన్నాడనీ, సంఘమంతా ప్రార్థన చేయాలనీ ఒక ఆదివారం అయ్యగారి చేత ప్రకటన చేయించాడు. ఆనందరత్నం గారు లేచి నిలబడ్డారు.

"ఏబేలు గారు ఈ సంఘములో బాప్తిస్మము పొందినవారు. అనగా సంఘమునకు చెందినవారు. డెబ్బది అయిదు దాటినవారు. ఆపరేషన్ అనునది మరమ్మతు. అనుమతి తీసుకొనబడినదా?"

జనమంతా ఏబేలు వైపు తిరిగారు.

"ఆయన మనిషి కదండీ..." అన్నాడు అయ్యగారు నెమ్మదిగా.

"తీర్మానములో 'దేనినైనను' అని ఉన్నది. మనుషులకు మినహాయింపు ఇచ్చినట్లు లేదు." నా వైపు తిరిగారు. "ఉన్నదా సెక్రటరీ గారూ?"

లేదని చెప్పాల్సి వచ్చింది.

"దరఖాస్తు పరిశీలింపబడును. కంటిలోని అసలు కటకమును తొలగించి దాని స్థానమున ఏ పదార్థముతో చేసిన కటకము అమర్చెదరో డాక్టరు గారు తెలియజేయవలెను. తొలగింపబడిన కటకమును సీసాలో భద్రపరచి సంఘమునకు అప్పగించవలెను."

ఏబేలు అటూ ఇటూ తల తిప్పి, పాపం, ఒక స్తంభంతో "అట్నేనయ్యా" అన్నాడు.

సువార్తమ్మ మాత్రం ఏ అనుమతి కోసమూ ఆగలేదు. సోమవారం పొద్దున ఏబేలు చెయ్యి పట్టుకుని నెల్లూరు బస్సెక్కించింది. ఆపరేషన్ చేయించి తీసుకొచ్చింది. కంట్లో చుక్కల మందు వేయడానికి రోజూ ఆయన ఇంటికి పోయేది. పట్టీ విప్పిన రోజు ఏబేలుకు మొదట కనిపించింది సువార్తమ్మ ముఖమే. చాలాసేపు అట్లాగే చూశాడట.

"ఏందట్ట చూస్తావుండావు? కన్ను నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు మే. ఇన్నాళ్లూ ఒకే ఊళ్లో ఉండి నిన్ను సరిగా చూడలేదే అని."

"ఎనభై ఏళ్ల ముసల్దాన్ని. చూసేదానికి ఏముంది?"

"నువ్వు చెప్పబాక. కన్ను నాది, కొత్తది" అన్నాడట ఏబేలు.

ఈ మాటలు నాకు సువార్తమ్మే చెప్పింది. చెబుతూ కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఉపసంఘం ఏబేలును 'అనుమతి లేకుండా ఆధునికీకరింపబడిన సంపద'గా నమోదు చేసి ఊరుకుంది. ఇకముందు ఇట్లాంటివి జరగకూడదని సంఘంలో డెబ్భై అయిదు దాటిన వాళ్లందరికీ గుచ్చుకోవడానికి బిళ్లలు చేయించారు. వాటి మీద 'వారసత్వ సంపద - కదల్చరాదు' అని ఉంటుంది. నిజం చెప్పాలంటే ముసలివాళ్లు మొదట మురిసిపోయారు. బిళ్ల చూసి బస్సులో సీటు ఇస్తున్నారని ఒకాయన చెబితే, ఇంకా డెబ్భై రెండే ఉన్న ఒకావిడ తనకూ బిళ్ల కావాలని వయసు ఎక్కువ చెప్పింది.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆరాధన అయిపోయే ముందు అయ్యగారు పెళ్లి ప్రకటన చదివాడు. "చాట్ల సువార్తమ్మ గారికీ పులి ఏబేలు గారికీ పరిశుద్ధ వివాహము జరుపనుద్దేశించి ఉన్నాము. ఎవరికైనా అభ్యంతరము ఉన్న యెడల..."

జనం ముందు నోళ్లు తెరిచారు. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. మా సంఘంలో చప్పట్ల మీద తీర్మానం ఏదీ లేదు కాబట్టి అందరూ కొట్టారు. ఆ చప్పట్లలోనే ఆనందరత్నం గారు చెయ్యెత్తారు.

"అభ్యంతరము ఉన్నది. ఒకటి, చాట్ల వారు పులి వారగుదురు. అది పేరు మార్పు. రెండు, సువార్తమ్మ గారు ప్రస్తుతము మిషన్ కాంపౌండులో ఉన్నారు. వివాహానంతరము బస్టాండు వీధిలోని ప్రైవేటు గృహమునకు తరలింపబడుదురు. అది స్థానభ్రంశము."

"తరలించేదేందయ్యా, ఎంత దూరమని? నా ఇంట్లో నేను తుమ్మితే ఆమె ఇంట్లోంచి 'దేవుడు దీవించు గాక' అంటది" అన్నాడు ఏబేలు.

"దూరము ప్రశ్న కాదు. సూత్రము ప్రశ్న. విషయము పరిశీలనలో ఉంచడమైనది. నివేదిక వచ్చునంతవరకు ఉభయులును యథాతథ స్థితిలో ఉండవలెను."

అయ్యగారు నోరు తెరిచాడు, మూశాడు. ఆయన ఉద్యోగం ఖాయం చేయాల్సింది ఆ సెషనే. నేను తల దించుకుని పాటల పుస్తకం తిప్పుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం సువార్తమ్మ ఇంటికి పోయాను. ముంగిట్లో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో చిక్కుడుకాయలు ఉన్నాయి గానీ ఈనెలు తీయడం లేదు.

"ఇన్నాళ్లూ నవ్వులాట అనుకున్నానబ్బయ్యా" అంది. "మేకు గురించి పోట్లాడినా నవ్వుకుంటానే పోట్లాడినా. ఇది నవ్వేది కాదు. ఒక మనిషి ఈ వయసులో నన్ను అడిగినాడు. నేను సరే అన్నా. ఈళ్ల నివేదిక వచ్చే లోపల మేం ఇద్దరం ఉంటామా?"

ఆమె కాసేపు కాయలు అటూ ఇటూ కదిపి, ఉన్నట్టుండి అడిగింది.

"ఒకదాన్ని కాపాడతామని చెప్పుకునేవోళ్లు, దాన్ని చూసుకోవాల గదా?"

"చూసుకోవాలి."

"ఎండకీ వానకీ పాడు కాకుండా?"

"అవును."

"ఊ" అంది. తర్వాత చిక్కుడుకాయలు చకచకా ఒలవడం మొదలుపెట్టింది. ఆ వేగం చూసి నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్నే సువార్తమ్మ జాకెట్టుకు బిళ్ల గుచ్చుకుని, సంచిలో రెండు చీరలూ మందుబిళ్లలూ పెట్టుకుని ఆనందరత్నం గారి ఇంటికి పోయింది. వరండాలో పడక్కుర్చీ ఉంటే దాంట్లో కూర్చుంది.

"ఏమ్మా, ఇలా వచ్చారు?" అన్నారు ఆయన.

"మా ఇల్లు తేమ అబ్బయ్యా. పాత వస్తువులకి తేమ తగిలితే చెద పడతదంట గదా. నన్ను కాపాడు."

లీలావతమ్మ గారు మంచి మనిషి. కాఫీ ఇచ్చింది. ఇడ్లీ పెట్టింది. ఇడ్లీ తినడం పూర్తయ్యే వేళకు ఏబేలు వచ్చాడు. తనను అనుమతి లేకుండా ఆధునికీకరించారు కాబట్టి తనకు ఇంకా ఎక్కువ పరిరక్షణ కావాలన్నాడు. మధ్యాహ్నానికి బిళ్లలున్న వాళ్లందరికీ కబురు పోయింది. ఎండ తగ్గాక ఒకరి వెనక ఒకరు దిండ్లు చంకన పెట్టుకుని వచ్చారు. వరండా నిండింది. హాలు నిండింది. వయసు ఎక్కువ చెప్పిన ఆవిడ వంటింట్లోకి పోయి, పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పి వచ్చింది. పాతకాలపు కోయిరు మాస్టరు ఒకాయన ఆనందరత్నం గారి మంచం మీద నడుం వాల్చి, పడుకున్న పాటునే కీర్తన ఎత్తుకున్నాడు.

రెండు రోజులు ఆనందరత్నం గారు ఓర్చుకున్నారు. మూడో రోజు గొంతు సవరించుకున్నారు.

"మీ యొక్క సహకారమునకు ధన్యవాదములు. ఇక మీరందరును మీ మీ స్వస్థలములకు వెళ్లవలసినదిగా కోరడమైనది."

ఎవరూ లేవలేదు. ఏబేలు తన బిళ్లను బొటనవేలితో తుడిచి, ఆయనకు కనబడేటట్టు ముందుకు వంగాడు.

"మమ్మల్ని కదల్చేదానికి అనుమతి ఉందా అయ్యా?"

ఆనందరత్నం గారికి అప్పుడు తెలిసొచ్చింది. అనుమతి ఇవ్వాల్సింది ఉపసంఘం. ఉపసంఘంలో ఆయన కాక ఇద్దరే సభ్యులు. ఆ ఇద్దరికీ డెబ్భై అయిదు దాటింది. ఇద్దరూ ఆయన హాల్లోనే ఉన్నారు, ఆయన టీవీ చూస్తున్నారు.

"మీరిద్దరూ సమావేశానికి రండి" అన్నారు ఆయన.

"సంపద సమావేశాలకు పోతదా?" అన్నాడు ఒకాయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ సాయంత్రం ఇడ్లీ పిండి మళ్లీ రుబ్బుతూ లీలావతమ్మ గారు గ్రైండరు ఆపేసింది. చేతులు కడుక్కుని, పెట్టె తీసుకుని, వరండాలోకి వచ్చింది.

"ఏమండీ, వీళ్లను కదల్చేదానికి లేదంటున్నారు. సరే. నన్ను నేనే కదల్చుకుంటా. మా అక్క ఇంటికి పోతుండా. నాకింకా డెబ్భై అయిదు రాలా. మీ తీర్మానం నన్నేం చేయలేదు."

ఆనందరత్నం గారు నిలబడ్డ చోటే కుర్చీ కోసం వెతుక్కున్నారు. ఖాళీ కుర్చీ లేదు. సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షనప్పుడూ పడనంత కంగారు పడ్డారు. ఆ కంగారులోనే నాకూ అయ్యగారికీ తక్కిన పెద్దలకూ మనిషిని పంపించారు. సెషన్ అత్యవసర సమావేశం ఆయన వరండాలోనే, సంపద మధ్యలోనే జరిగింది. పెద్దలు మెట్ల మీద కూర్చున్నారు. లీలావతమ్మ గారు పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడి విన్నది.

"తీర్మానము రద్దు చేయుట అసాధ్యము" అన్నారు ఆనందరత్నం గారు. "ఈ సంఘ చరిత్రలో ఏ తీర్మానమూ రద్దు కాలేదు. ఏదేని వెసులుబాటు ఉన్నదా అని మాత్రమే చూడవలెను." తర్వాత మామూలు గొంతుతో, దాదాపు బతిమాలుతున్నట్టు నన్ను అడిగారు. "మాస్టారూ, మీరు తెలుగు చెప్పేవారు గదా. 'కదల్చరాదు' అంటే 'కదలరాదు' అని కూడా అర్థం వస్తుందా?"

ఆ ప్రశ్న కోసం నేను ఎన్ని రోజులుగా ఎదురుచూస్తున్నానో నాకు అప్పుడే తెలిసింది.

"రాదండీ" అన్నాను. "కదల్చడమంటే ఇంకొకరు చేసే పని. కదలడమంటే ఎవరికి వారు చేసుకునే పని. మీ తీర్మానం మొదటిదాన్నే వద్దంటుంది. రెండోదాని ఊసే ఎత్తలేదు."

వరండాలో అందరూ నా వైపే తిరిగి వింటున్నారు. పదో తరగతి పిల్లలకు ఎన్నో ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఒక్కడు కూడా ఇంత శ్రద్ధగా వినలేదు.

ఆనందరత్నం గారు ఊపిరి పీల్చుకుని నా చేత రాయించారు: "వారసత్వ సంపద తనంతట తాను స్వచ్ఛందముగా కదలిన యెడల అది కదల్చుటగా పరిగణింపబడదు." పెద్దలందరూ చేతులెత్తారు. పెద్దలు కాని వాళ్లు కూడా ఎత్తారు.

"ఇక దయచేసి స్వచ్ఛందముగా కదలండి" అన్నారు ఆయన.

"కదుల్తాం" అంది సువార్తమ్మ పడక్కుర్చీలోంచి. "ఎప్పుడు కదలాల్నో అది కూడా మా ఇష్టమే గదబ్బయ్యా? మా పెళ్లి సంగతి తేలినాక కదుల్తాం."

"పేరు మార్పు విషయము ఇంకనూ..."

"పేరు మారిస్తే గదా నీకు బాధ? చాట్ల సువార్తమ్మగా పుట్టినా, అట్నే ఉంటా. ఏమయ్యా ఏబేలూ, నీకేమన్నా అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం మే? పులి అని పేరు పెట్టుకుని ఇన్నేళ్లు తిరిగినా. కుక్కలు గూడా భయపళ్లా" అన్నాడు ఏబేలు.

అప్పుడు తీమోతి అయ్యగారు లేచాడు. మాకు ఆయన గొంతు ప్రసంగంలో తప్ప పెద్దగా వినబడింది లేదు. "శనివారం పొద్దున పెళ్లి చేస్తాను" అన్నాడు. చెప్పి, తనేం అన్నాడో తనకే ఆశ్చర్యమైనట్టు కూర్చున్నాడు. తర్వాత మళ్లీ లేచి, "సెషన్ ఏమన్నా సరే" అని కూడా కలిపాడు. లీలావతమ్మ గారు పెట్టె లోపలికి తీసుకుపోయింది. వెళ్తూ వెళ్తూ, రేపటి ఇడ్లీలు ఆయనే పోస్తారని అందరికీ చెప్పింది. పోశారు కూడా. గట్టిగా ఉన్నాయి గానీ అందరూ మొహమాటానికి ఇంకోటి వేయించుకున్నారు.

శనివారం చర్చి నిండిపోయింది. ఒక చిక్కు మాత్రం మిగిలింది. పెళ్లికూతురిని ఎవరు చెయ్యి పట్టుకుని నడిపించినా అది కదల్చడం కిందికే వస్తుంది. అందుకని సువార్తమ్మ ఒక్కతే నడవాల్సి వచ్చింది. తెల్లచీర, తెల్లజుట్టు, చేతిలో కనకాంబరాల గుత్తి. మోకాళ్ల నొప్పులు. ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, బల్ల అంచు పట్టుకుంటుంది, ఇంకో అడుగు వేస్తుంది. ఇరువైపులా జనం చేతులు ముందుకు వచ్చాయి, వెనక్కి పోయాయి. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కోయిరు వాళ్లు పెళ్లి కీర్తన చరణాలన్నీ పాడేశారు. రెండోసారి పాడారు. ఆ తర్వాత ఏం పాడాలో తెలియక క్రిస్మస్ పాట ఎత్తుకున్నారు.

ఏబేలు ముందు నిలబడి ఆ కొత్త కన్నుతో చూస్తూ ఉన్నాడు. చూసి చూసి, ఇక ఓర్చుకోలేకపోయాడు. అయ్యగారు "ఏబేలు గారూ, మీరు ఇక్కడే..." అంటున్నా వినకుండా, నడవలో ఎదురు నడిచాడు. సగం దారిలో ఆమెను కలుసుకుని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందయ్యా, నేనొస్తుండా గదా" అంది సువార్తమ్మ.

"వస్తుండావని తెలుసు మే. ఊరికే ఎదురొద్దామని" అన్నాడు.

ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. వాళ్లను ముందుకు రమ్మని చెప్పే అధికారం అయ్యగారికి ఉందా లేదా అని అందరూ ఆనందరత్నం గారి వైపు చూశారు. అయ్యగారు మాత్రం చూడలేదు. బైబిలు తీసుకుని వేదిక దిగి, వాళ్ల దగ్గరికే పోయి, ఆ నడవ మధ్యలోనే పెళ్లి చేశాడు. ప్రమాణాలు చెప్పేటప్పుడు ఏబేలు గొంతు వణికింది. సువార్తమ్మ గొంతు వణకలేదు. ఆస్పత్రిలో "అమ్మాయి పుట్టింది" అని బయట నిలబడ్డ వాళ్లకు చెప్పే గొంతుతో, చర్చి వెనక వాళ్లక్కూడా వినబడేటట్టు చెప్పింది.

పెళ్లి అయిపోయాక ప్రసంగం ఉంటుంది కాబట్టి అందరినీ కూర్చోమన్నారు. మా చర్చిలో నూటయాభై ఏళ్లుగా మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. కొత్త దంపతులు ఒకరినొకరు చూసుకున్నారు. ఏబేలు తన భార్య వెంట ఎడమవైపుకు పోయి, ఆడవాళ్ల బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. పక్కనున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతూ సర్దుకున్నారు.

ఆనందరత్నం గారు లేచి నిలబడ్డారు. చెయ్యి కూడా సగం ఎత్తారు.

సరిగ్గా అప్పుడే ఎడమవైపు నుంచి లీలావతమ్మ గారు లేచింది. చీర సర్దుకుని, అందరూ చూస్తుండగా నడవ దాటి, మగవాళ్ల ముందు బల్ల దగ్గరికి వచ్చి, భర్త ఎదురుగా నిలబడింది.

"జరగండి" అంది.

ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు, ఎత్తలేదు. తీర్మానాల్లో ఏదైనా దొరుకుతుందేమోనని నా వైపు చూశారు. నేను కిటికీలోంచి కాలవ వైపు చూశాను.

ఆయన జరిగారు.